గాజుకు పట్టిన బూజు

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఒక ఆదివారం సాయంత్రం, సరదాకి ఫొటోలు తీసుకునేవాళ్ళ నెలవారీ సమావేశంలో ఒక ఫిజిక్సు లెక్చరర్ చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది. మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక్కి వినిపిస్తోందా? సరే.

ముందు ఒక వస్తువు మీ చేతికిస్తున్నాను. ఈ వరుస నుంచి మొదలుపెట్టి వెనక్కి పంపించండి. 85 ఎంఎం లెన్సు, ఎఫ్/1.8. దాంతోపాటు ఈ చిన్న టార్చి. రెండు మూతలూ తీసేసి, వెనక నుంచి టార్చి కొట్టి ముందు నుంచి కాస్త ఏటవాలుగా లోపలికి చూడండి. ఏం కనిపించిందో మాత్రం ఇప్పుడే చెప్పకండి, చివరి వరుస దాకా వెళ్ళనివ్వండి.

నిర్వాహకులు ఫోన్ చేసి "మేడం, ఏ లెన్సు కొనాలో మావాళ్ళకి కాస్త చెప్పండి" అన్నారు. సరేనన్నాను. ఫోన్ పెట్టేసి బీరువా తెరిచి చూసుకుంటే, ఈ మాట చెప్పడానికి నాకంటే తగినవాళ్ళు ఊళ్ళో ఉండరనిపించింది. ఇరవై రెండేళ్ళుగా ఇంటర్ పిల్లలకి కటకాల పాఠం చెబుతున్నాను. 2013 నుంచి కటకాలు కొంటున్నాను. చెప్పేదానికీ కొనేదానికీ ఎక్కడా పొంతన లేదు. (నవ్వులు)

కెమెరా ఒకటే. లెన్సులు ఏడు. ఇక చెప్పే అంకెలన్నీ మిల్లీమీటర్లలో వాటి ఫోకల్ లెంగ్తులు, అంకె పెరిగేకొద్దీ దూరంలోది దగ్గరగా కనిపిస్తుంది. కెమెరాతో పాటు వచ్చిన 18-55 ఉంది కదా, దాని మీద మూడు నెలలకే మొహం మొత్తింది. తర్వాత 50. అది అందరూ కొనేదే, దానికి పాపం లేదు. పిట్టల కోసమని 55-250. కొండల కోసమని 10-18. పువ్వుల మీద తేనెటీగల కోసమని 100 మాక్రో. మనుషుల మొహాల కోసమని ఇప్పుడు మీ చేతుల్లో తిరుగుతున్న 85. ఎందుకోసమో నాకే సరిగ్గా తెలియకుండా 70-200.

మా ఆయనకి చాలాకాలం ఈ లెక్క తెలీదు. లెన్సులన్నీ నల్లగానే ఉంటాయి కదండీ. ఏది చేతిలో ఉన్నా ఆయనకి అదే లెన్సు. కొత్తది వచ్చిన రోజున "కొత్తదా?" అంటే "భలేవారే, ఇది ఎప్పటిదో" అనేదాన్ని. దొరికిపోయింది 70-200 వచ్చిన రోజునే. కేనన్‌వాళ్ళు ఆ పెద్ద లెన్సులకి తెల్లరంగు వేస్తారు. ఎండకి వేడెక్కి లోపలి గాజు వ్యాకోచించకూడదని. నాకు ఆ కారణం తెలుసు, పిల్లలకి చెబుతాను కూడా. ఆ తెలుపు మా ఇంట్లో ఏం చేస్తుందో మాత్రం ఆలోచించలేదు. డబ్బా తెరవగానే ఆయన అన్నారు, "ఇదెప్పటిదో అని మాత్రం అనకు." (నవ్వులు)

ఈ మధ్య వేసవి సెలవుల్లో ఒక పని చేశాను. బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందేసుకుని, ఏ లెన్సు ఏ తారీఖున ఆర్డరు పెట్టానో రాసుకున్నాను. పక్కనే, ఆ నెలల్లో ఎన్ని ఫొటోలు తీశానో కంప్యూటర్లోంచి చూసి రాసుకున్నాను. చూస్తే సిగ్గేసింది. బాగా తిరిగి ఫొటోలు తీసిన నెలల్లో ఒక్క లెన్సూ కొనలేదు. కొన్నవన్నీ తియ్యని నెలల్లోనే. ముఖ్యంగా మార్చి, ఏప్రిల్. పేపర్లు దిద్దే రోజులు. రోజంతా ఎర్ర పెన్ను పట్టుకుని, రాత్రి పదకొండింటికి ఫోన్ పట్టుకుంటే నాకు సముద్రం మీద సూర్యోదయం కనిపించదు, దాన్ని తీసే లెన్సు కనిపిస్తుంది. పొద్దున నాలుగున్నరకి లేచి బీచికి వెళ్ళడానికి ఒంట్లో ఓపిక ఉండాలి. లెన్సు కొనడానికి బొటనవేలు చాలు.

ఆడలేక మద్దెల ఓడు అంటారు కదా. ఆ సామెత నాటి మనిషి మద్దెలని తిట్టి ఊరుకున్నాడు. మనం అక్కడితో ఆగకుండా కొత్త మద్దెల ఆర్డరు పెడతాం.

దీనికి ఇంగ్లీషులో ఒక ముద్దుపేరుంది. గ్యాస్. మన కడుపులో గ్యాస్ కాదు గానీ బాధ దాదాపు అంతే. వాల్టర్ బెకర్ అని స్టీలీ డాన్ బ్యాండులో గిటార్ వాయించేవాడు, 1990ల్లో తనలాంటివాళ్ళ మీద సరదాగా రాస్తూ గిటార్ అక్విజిషన్ సిండ్రోమ్ అన్నాడు, అంటే గిటార్లు కొని పోగేసే జబ్బు. ఇంగ్లీషులో మొదటి అక్షరాలు కలిపితే గ్యాస్. తర్వాత గిటార్ పోయి గేర్, అంటే సామాను, అయింది, కెమెరావాళ్ళు దాన్ని సొంతం చేసుకున్నారు. నవ్వుకునే పేరు పెట్టుకోవడంలో ఒక చిక్కుంది. "నాకు గ్యాస్ అండీ" అని నవ్వేస్తే ఇక తప్పు చేసినట్టే ఉండదు. నవ్వలేని రకం కూడా ఉంది. జర్మన్ మానసిక వైద్యుడు క్రేపెలిన్ వందేళ్ళ కిందటే ఆపుకోలేని కొనుగోళ్ళ గురించి రాశాడు. అమెరికా మానసిక వైద్యులు 2013లో తెచ్చిన రోగాల జాబితాలో మాత్రం దీన్ని విడిగా జబ్బుగా చేర్చలేదు. జబ్బో కాదో వాళ్ళు తేల్చుకుంటారు. ధర సగం చేసి చెప్పడం, ఒక ఈఎంఐ తీరకముందే ఇంకోటి మొదలెట్టడం, ఈ రెండూ నేను చేశాను. అప్పు తెచ్చి కొనేదాకా వెళ్ళినవాళ్ళు ఈ గదిలో ఎవరైనా ఉంటే నా ప్రసంగం సరిపోదు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఇది జోకు కాదు.

మరి ఆ రాత్రి పదకొండింటికి మెదడులో ఏం జరుగుతోంది? వుల్ఫ్రామ్ షుల్ట్స్ అనే శాస్త్రవేత్త కోతుల మీద చేసిన ప్రయోగాలున్నాయి. కోతి నోట్లో పండ్లరసం చుక్క పడితే మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని వదిలే కణాలు చురుగ్గా స్పందిస్తాయి. రసానికి ముందు ఒక దీపం వెలిగించడం అలవాటు చేశారు. కొన్నాళ్ళకి ఏమైందంటే, దీపం వెలగగానే ఆ కణాలు స్పందిస్తున్నాయి. రసం వచ్చినప్పుడు మామూలుగా ఉంటున్నాయి. దీపం వెలిగి రసం రాకపోతే మామూలు కన్నా కిందికి పడిపోతున్నాయి.

నేను దీన్ని చదివి నా ఫోన్ వంక చూసుకున్నాను. "మీ పార్సెల్ ఈ రోజు అందుతుంది" అన్న మెసేజీ వచ్చిన పొద్దున నా నడకే వేరు. క్లాసులో పిల్లల్ని తిట్టను. కూరలో ఉప్పు తక్కువైనా అందరితో బాగానే ఉంటాను. సాయంత్రం డబ్బా తెరిచాక, తొమ్మిది గంటల కల్లా మామూలు మనిషినైపోతాను. నా దీపం ఆ మెసేజీ. రసం వచ్చేసరికి దాహం లేదు.

ఇప్పుడు నా సబ్జెక్టులోకి వస్తాను, ఐదు నిమిషాలు ఓర్చుకోండి. ఎఫ్ నంబరు అంటే ఫోకల్ లెంగ్తుని రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేది. కాబట్టి 50ని 1.8తో భాగించండి, రంధ్రం దాదాపు 28 మిల్లీమీటర్లు. 1.2తో భాగించండి, దాదాపు 42. వెలుతురు వైశాల్యాన్ని బట్టి వస్తుంది కనుక వర్గం చెయ్యాలి. రెండుంపావు రెట్లు. ఐఎస్‌ఓ 1800 పెట్టాల్సిన చోట 800 పెడితే సరిపోతుంది. ఐఎస్‌ఓ అంటే ఉన్న వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపించాలో చెప్పే అంకె. ఇప్పుడు బరువు చూడండి. కేనన్ ఆర్‌ఎఫ్ 50లో 1.8 లెన్సు 160 గ్రాములు, 1.2 లెన్సు 950 గ్రాములు. ధర పదింతలకు పైమాటే. రెండుంపావు రెట్ల వెలుతురుకి ఆరు రెట్ల బరువు, పదింతల డబ్బు. ఆ 1.2 గొప్ప లెన్సు, దాన్నేమీ అనను. రాత్రిపూట మసక వెలుతుర్లో మనుషుల్ని తీసి బతికేవాడికి అది పనిముట్టు. బీచి రోడ్డులో పొద్దున పదింటికి మొక్కజొన్న పొత్తులు తీసే నాకు దాంతో పనేమిటి?

పొడుగు లెన్సుల సంగతి ఇంకో రకం. కైలాసగిరి మీంచి, బయట లంగరేసుకుని ఉన్న ఓడల్ని దగ్గరగా తియ్యాలని మనలో ప్రతివాళ్ళకీ ఉంటుంది. 200 చాలదు 400 కావాలంటాం, 400 కొన్నాక 600. ఓడకీ మనకీ మధ్య కిలోమీటర్ల మేర ఉప్పుగాలి ఉంది. అందులో తేమ, ఎండ ఎక్కాక ఆవిరిలాగా కదలాడే గాలి. లెన్సు ఓడతో పాటు ఆ గాలినీ పెద్దది చేసి చూపిస్తుంది. మధ్యాహ్నం తీసిన ఫొటోలో ఓడ నీళ్ళలో ఉడుకుతున్నట్టు ఉంటుంది. దానికి మందు లెన్సుల కొట్లో లేదు. వాన వెలిసిన మర్నాటి పొద్దున కోసం కాచుకుని కూచోవాలి.

మొహాలు వంకరగా వస్తున్నాయి కాబట్టి 85 కావాలి అని కొన్నాను కదా, అదీ పాఠం చదవని పనే. దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దగా వచ్చేది దూరం వల్ల, లెన్సు వల్ల కాదు. ఏ లెన్సయినా ఒకే చోట నిలబడి తీస్తే ముక్కూ చెవీ మధ్య పొందిక ఒకటే. నేను రెండడుగులు వెనక్కి వేస్తే 50తోనే అయ్యేది. ఇంకోటేమిటంటే మా ఫ్లాట్ హాల్లో, నా కెమెరాకి 85 పెట్టి మనిషిని నడుం దాకా పట్టాలంటే నా వీపు గోడకి ఆనుతుంది. గోడ అవతల మా అత్తగారి గది.

ఇక ఫిషింగ్ హార్బరు సంగతి. ఇది నేను ఎక్కువమందికి చెప్పలేదు. 70-200 వచ్చిన కొత్తలో, పొద్దున వేలంపాట జరిగే వేళకి వెళ్ళాను. ఐసు పెట్టెల వరుస వెనకాల నిలబడి, ఇరవై గజాల దూరం నుంచి ఒకావిడ మొహం మీద ఫోకస్ పెట్టాను. ఆవిడ వంజరం చేపల్ని గంపలోకి సర్దుకుంటోంది. క్లిక్, క్లిక్, క్లిక్. ఉన్నట్టుండి తలెత్తి తిన్నగా నా వైపే చూసింది. చూసి, హార్బరంతా వినబడేలా అడిగింది:

"ఏటమ్మా, సెట్టు సాటునుంచి పిట్టని తీసినట్టు తీస్తన్నావు? మేం పిట్టలమేటి? ఇటొచ్చి తియ్యి!"

చుట్టుపక్కల అందరూ నవ్వారు. నేను ఆ తెల్ల గొట్టాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక నిలబడ్డాను. ఆ రోజు ఇంక ఫొటో తియ్యలేదు.

మర్నాటి ఆదివారం 50 ఒక్కటే పెట్టుకుని వెళ్ళాను. బ్యాగు కూడా లేదు. ఆవిడే ముందు పోల్చింది. "గొట్టం ఏదమ్మా?" అంది. ఇంట్లో ఉందన్నాను. "ఎంతేటి అది?" అంది. నిజం చెప్పాను. మా ఆయనకి చెప్పని ధర ఆవిడకి చెప్పాను. ఒక్క క్షణం నా వంక చూసి, మెల్లిగా, "బోటుకి ఇంజిను బాగు సేయించుకోవొచ్చు" అంది. ఎగతాళిగా కూడా అనలేదండీ, ఊరికే లెక్క కట్టింది. తర్వాత పని చేసుకుంటూనే మాట్లాడింది. నేను రెండడుగుల దూరంలో కూచున్నాను. మోచేతి దాకా అంటుకున్న పొలుసులు పొద్దుటి వెలుతుర్లో చమ్కీల్లా మెరుస్తున్నాయి. గాజుల మధ్య ఇరుక్కున్న ఐసు పొడి కరిగి మణికట్టు మీంచి కారుతోంది. ఐసు పెట్టెల వెనక నుంచి ఇది నాకు కనిపించలేదు. ఆ చేతి ఫొటో మా హాల్లో ఉంది.

కౌపీన సంరక్షణార్థం అన్న కథ మీకందరికీ తెలుసు. గోచీని ఎలకలు కొరుకుతున్నాయని సన్యాసి పిల్లిని తెచ్చుకుంటాడు, పిల్లికి పాల కోసం ఆవు, ఆవుని మేపడానికి మనిషి, చివరికి సంసారం. నా సంసారం చెబుతాను. 10-18కి ఫిల్టర్లు కావాలి. ఫిల్టర్లు వాడాలంటే ట్రైపాడు. ట్రైపాడు పట్టే బ్యాగు. బ్యాగు బరువైంది కాబట్టి నడుముకి బెల్టు ఉన్న ఇంకో బ్యాగు. ఇవన్నీ తడవకుండా తేమ పట్టని పెట్టె. ఆ పెట్టె పెట్టడానికి మంచం జరిపాం. ఇంతా చేసి ఆ 10-18 నేను బయటికి తీసింది రెండే రెండు సార్లు. ఒకసారి బొర్రా గుహల్లో, ఒకసారి మా ఆడపడుచు గృహప్రవేశంలో. గృహప్రవేశంలో అంచున నిలబడ్డవాళ్ళందరూ లావుగా వచ్చారు. ఇప్పటికీ దెప్పుతారు.

స్టేట్‌మెంట్ల లెక్కతో పాటు ఇంకో లెక్క కూడా చూశాను. తీసిన ప్రతి ఫొటోలోనూ ఏ లెన్సుతో, ఎంత ఫోకల్ లెంగ్తు దగ్గర తీశామో నమోదై ఉంటుంది. సాఫ్ట్‌వేరులో వడపోస్తే చిటికెలో తెలుస్తుంది. ఈ రాత్రే మీ ఇంట్లో చూసుకోండి. నేను దాచుకున్న ఫొటోల్లో సగానికి పైగా 30కీ 50కీ మధ్యన తీసినవి. 85తో తీసినవి 41. నలభై ఒక్కటీ ఒకే సాయంత్రం తీసినవే. లెన్సు వచ్చిన సాయంత్రం. నలభై ఒక్కటీ మా బాల్కనీలో తులసి కుండీవే. వెనక బట్టలారేసిన తీగ ఎంత మెత్తగా మసకబారిందో చూడాలని.

అన్నిటికంటే ఎక్కువ ఫొటోలు తీసిన వారం ఏదో తెలుసా? 2014 అక్టోబరు, హుద్‌హుద్ వెళ్ళిపోయిన వారం. 12వ తేదీ ఆదివారం తుపాను తీరం దాటింది, గంటకి సుమారు 180 కిలోమీటర్ల గాలి. మీలో చాలామంది చూశారు, నేను వర్ణించక్కర్లేదు. మర్నాడు లేచేసరికి పచ్చటి కొండలు గోధుమరంగుకి తిరిగాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. పాల కోసం, నీళ్ళ కోసం లైన్లు. అప్పటికి నా దగ్గర 18-55, 50 రెండే ఉన్నాయి. జనరేటరున్న ఒక కొట్టువాడు పదిమంది ఫోన్లతో పాటు నా బ్యాటరీ కూడా చార్జింగు పెట్టిచ్చేవాడు. ఆ బ్యాటరీ ఉన్నంతసేపూ తిరిగాను. పడిపోయిన చెట్లు, చెట్ల కింద స్కూటర్లు, బిందెలు. ఆ వారం రోజులూ ఏ లెన్సు బాగుంటుందన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. నా గొప్పేమీ లేదు అందులో. నెట్ లేదు, అంతే. నెట్ వచ్చిన వారానికి 55-250 ఆర్డరు పెట్టాను. (నవ్వులు)

సరే, ఆ 85 ఎక్కడిదాకా వచ్చింది? నాలుగో వరుసా? చూసినవాళ్ళు చెప్పండి, లోపల ఏం కనిపించింది?

(సభలోంచి: "సాలెగూడు." "వెంట్రుకలు." "బూజండీ.")

బూజే. ఫంగస్. గాలిలో దాని బీజాలు ఎప్పుడూ ఉంటాయి, లెన్సు లోపలా ఉంటాయి. వాటికి కావలసింది తేమ, చీకటి, కదలిక లేని గాలి. గాలిలో తేమ 60 శాతం దాటిందంటే వాటికి పండగ. మన ఊళ్ళో ఏడాదిలో చాలా భాగం 70 పైనే ఉంటుంది. దుమ్ము తిని బతుకుతుంది, అది వదిలే ఆమ్లం గాజు మీది పూతని కొరికేస్తుంది. తుడిస్తే దారాలు పోతాయి గానీ కొరికిన గుర్తులు పోవు. హైదరాబాదు వాడు లెన్సు కొని ఐదేళ్ళు మర్చిపోవచ్చు. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళం, మనకి ఆ సౌకర్యం లేదు. తోలు సంచిలో పెట్టారో అంతే సంగతులు, తోలు తేమ పీలుస్తుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో తేమ పీల్చే సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు, 40 నుంచి 50 మధ్య ఉంచండి. నీలం జెల్ గులాబీ రంగుకి తిరిగితే వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు.

నేను తేమ పట్టని పెట్టె కొన్నానని చెప్పాను కదా. ఈ 85 అందులో లేదు. అప్పటికి పెట్టె నిండిపోయింది. (నవ్వులు) దాని తోలు సంచిలోనే, బీరువా పై అరలో, పట్టుచీరల వెనక. మూడేళ్ళు.

జగదాంబ దగ్గర ఇరుకు మెట్లెక్కి వెళ్తే ఒక రిపేరు కొట్టుంది. రీలు కెమెరాల కాలం నుంచి ఉన్నాడాయన. లెన్సు అందుకుని, కిటికీ వైపు తిప్పి ఒక్కసారి చూశాడు. టార్చి కూడా వెయ్యలేదు. "ఎప్పుడు కొన్నారమ్మా?" అన్నాడు. చెప్పాను. ఫోకస్ రింగు తిప్పి చూశాడు. కొత్త రింగు ఎలా తిరుగుతుందో అలాగే గట్టిగా తిరిగింది. పైన ఒక్క గీత లేదు. మూత కూడా కొత్తదే. నా చేతిలో పెట్టేసి అన్నాడు:

"ఇది వాడినోలకి రాదమ్మా. దాసుకున్నోలకే వస్తాది."

బాగు చెయ్యడానికయ్యే ఖర్చు చెప్పి, "దండగ" అని కూడా తనే అన్నాడు. టీ తెప్పించాడు. అక్కడే పక్కన గాజు బీరువాలో, ఇలాంటి బూజు పట్టినవి, జనం వదిలేసి వెళ్ళినవి వరుసగా ఉన్నాయి. కొన్నిటికి వారంటీ కార్డు రబ్బరు బ్యాండుతో చుట్టి అలాగే ఉంది.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(సభలోంచి ఒకరు: "మేడం, నా దగ్గర 70-200 ఎఫ్/4 ఉంది. 2.8కి మారాలనుకుంటున్నాను. ఇదంతా విన్నాక అడగడానికి మొహమాటంగా ఉంది.")

మొహమాటమెందుకండీ. ఏం తీస్తారు మీరు?

("మా అమ్మాయి కూచిపూడి ప్రోగ్రాములు. స్టేజీ మీద వెలుతురు చాలదు, చేతులు కదిలిపోయి వస్తున్నాయి.")

ఐఎస్‌ఓ ఎంత పెడుతున్నారు?

("6400. అంతకు మించితే నా కెమెరాలో గింజలు గింజలుగా వస్తోంది.")

షట్టరు?

("సెకనులో నూట ఇరవై ఐదో వంతు.")

అయితే కొనుక్కోండి. 4 నుంచి 2.8కి ఒక స్టాపు, అంటే రెట్టింపు వెలుతురు, మీ షట్టరు రెండు వందల యాభయ్యో వంతుకి వెళ్తుంది. అడుగు వేసేటప్పుడు కాకపోయినా ముద్ర పట్టి నిలిపినప్పుడు చెయ్యి కదలకుండా వస్తుంది. మీకు ఏది చాలడం లేదో మీరు అంకెల్లో చెప్పగలుగుతున్నారు. ఏడు లెన్సుల్లో ఒక్కదానికి కూడా నేను అలా చెప్పలేకపోయాను. కాకపోతే ముందు ఒక ప్రోగ్రాముకి అద్దెకి తెచ్చుకుని చూడండి, పెళ్ళి ఫొటోలు తీసేవాళ్ళని అడిగితే దొరుకుతుంది. అది కిలోన్నర దాకా బరువు ఉంటుంది. రెండు గంటలు చేత్తో పట్టుకోగలరో లేదో చూసుకోవాలి కదా. అన్నట్టు, మీ ఆవిడకి ధర అసలుదే చెప్పండి. ఆ లెన్సు కూడా తెల్లగానే ఉంటుంది.

(నవ్వులు, చప్పట్లు)

ఉండండి ఉండండి, లేవకండి. ఆ 85 చివరగా ఎవరి దగ్గరుంది? మీ దగ్గరా బాబూ? ఉంచుకో, ఇంట్లో పిల్లలుంటే విప్పి చూసుకుంటారు. రంధ్రాన్ని పెద్దా చిన్నా చేసే ఎపర్చరు రేకులు చాలా అందంగా ఉంటాయి. టార్చి మాత్రం ఇచ్చెయ్యి, అది మా ఆయనది.